చిటికెడు బియ్యం

బియ్యం షావుకారి ఇంట్లో అన్నం ఉడకడం మానేసి రెండు నెలలు దాటింది. గోడౌన్లో కప్పు తగిలేదాకా బస్తాలు పేర్చుకున్న మనిషి, తన వంటింట్లోకి మాత్రం గింజ రాకూడదని హుకుం వేశాడు. ఒళ్ళు తగ్గడానికి పొట్ట కోయించుకున్నది తనొక్కడే అయినా హుకుం ఇంటిల్లిపాదికీ వర్తిస్తుందన్నాడు. ఆ మాట కూడా పూర్తి నిజం కాదు. గాలికి ఎగిరిపోయేంత సన్నగా ఉండే భార్య ఆఫీసు నుంచి వస్తూ బ్రెడ్డు తెచ్చుకుని టీలో ముంచుకు తింటుంటే చూసీ చూడనట్టు పోయేవాడు. ఆమె ఒంటికి ఏదీ అంటదు కాబట్టి ఆమె తినేది తిండి కింద లెక్కకు రాదు. హుకుం అసలు ఎవరి కోసమో ఇంట్లో ముగ్గురికీ తెలుసు. అక్క కోసం.

అక్కదీ అతనిదీ ఒకే ఒళ్ళు. అవే భుజాలు, అదే మెడ కనిపించని తల, నడిస్తే నేల మీద అదే చప్పుడు. ఆపరేషన్‌కు ముందు అద్దంలో అతనికి కనిపించిన ఆకారమే ఇప్పుడు గరిటె పట్టుకుని వంటింట్లో తిరుగుతూ ఉండేది. వదిలించుకున్న సరుకు మళ్ళీ గుమ్మంలోకి తిరిగొచ్చినట్టు, ఆమెను చూసినప్పుడల్లా అతనికి చిరాకు పుట్టేది. భర్త పోయాక వచ్చి చేరిన మనిషి, ఇల్లంతా ఒంటిచేత్తో నడిపిస్తున్న మనిషి, అన్నీ నిజమే. కానీ ఆ కంచం! ఆ కంచంలో ఆ పప్పు! మెతుకు లేకుండా కూడా అంత తృప్తిగా ఎలా తింటుందో అతనికి అంతుపట్టేది కాదు.

ఆ ఉదయం అతను తూకం యంత్రం ఎక్కి దిగాడు. మళ్ళీ ఎక్కాడు. అంకె కిందికి దిగలేదు. నెల రోజులుగా ఇదే వరస. ఆపరేషన్ అయ్యాక ఎండలో పెట్టిన మంచుగడ్డలా కరిగిన ఒళ్ళు ముందు నిలబడిపోయింది, తర్వాత మెల్లగా మళ్ళీ పైకి ఎగబాకుతోంది. యంత్రం మీద అనుమానం వచ్చి కిందటి వారమే షాపు నుంచి సర్కారు ముద్ర ఉన్న తూకపు రాళ్ళు మోసుకొచ్చి పెట్టి చూశాడు. యంత్రం అబద్ధం ఆడడం లేదు. తూకం అబద్ధం ఆడనప్పుడు మనిషి ఆడుతూ ఉండాలి. ఇన్నేళ్ళ వ్యాపారం అతనికి నేర్పింది ఇదే.

"అక్కా!"

"ఇక్కడే చచ్చాను, అరవకు."

"నిన్న పప్పులో ఏం కలిపావు?"

"ఉప్పు."

"ఇంకా?"

"పప్పులో పప్పు కూడా వేశాను. వద్దంటే రేపటి నుంచి అదీ మానేస్తా."

"నీకు వేళాకోళంగా ఉంది. యంత్రం ఎక్కితే నాకు గుండె జారుతోంది. ఆ కూర చిక్కగా ఎందుకుంది? పిండి పోశావా?"

అక్క పొయ్యి ముందు నుంచి వెనక్కి తిరగలేదు. గుడ్డు పెంకు వొలుస్తూ, "సొరకాయ చిక్కగా ఉందేమిటని అడిగిన మొదటి మగాడివి నువ్వే" అంది.

గుడ్డును నాలుగు ముక్కలు చేసి, పసిపిల్లలకు పెట్టే చిన్న చెంచాతో పాటు అతని ముందు పెట్టింది. అతను ఒక్కో ముక్కా నోట్లో పెట్టుకుని, దవడ నొప్పెట్టేలా నమిలి, చెంచా కింద పెట్టి, మళ్ళీ ఎత్తి, పెద్ద పూజలాగా తినడం సాగించాడు. ఎదురుగా అక్క తన గుడ్డును రెండు గుటకల్లో కానిచ్చింది. అతను కళ్ళు మూసుకున్నాడు.

"అలా మింగుతావు కనుకే అలా ఉన్నావు" అన్నాడు.

"అలా ఉన్నాను కనుకే నిన్ను ఎత్తుకు తిరగగలిగాను. నువ్వూ తేలికేం కాదు" అంది అక్క, ప్లేటు తీసుకుపోతూ.

*

షాపు మెట్లు ఎక్కడం ఇప్పుడు అతనికి ఇష్టమైన పని. ఇదివరకు సగంలో ఆగి, గోడ పట్టుకుని, ఎవరైనా చూస్తే ఫోను వచ్చినట్టు నటించేవాడు. పడుకుంటే ఊపిరి ఆడక కుర్చీలోనే తెల్లవార్చిన రోజులున్నాయి. ఇప్పుడు మెట్లు చకచకా ఎక్కేసి, పైన నిలబడి, వెనక వచ్చేవాళ్ళు ఎలా రొప్పుతున్నారో చూస్తాడు. ఆ చూపులో జాలి ఉండదు.

ఆ పూట రొప్పుతూ వచ్చినవాడు ఫ్యాక్టరీ క్యాంటీన్ నడిపే ఆయన. పొట్ట ముందు, మనిషి వెనక. పాత ఖాతాదారు.

"ఏం షావుకారూ, మనిషివి సగమయ్యావు, రేటు మాత్రం సగం కాలేదే!"

"నువ్వు రెట్టింపయ్యావుగా, సరిపోయింది."

బజారులో అతనికి పాత పేరు నిండు బస్తా. ఇప్పుడు ఖాళీ సంచి అంటున్నారని అతనికి తెలుసు. అన్నవాళ్ళ పొట్టలన్నీ అతని కళ్ళలో ఉన్నాయి.

కొత్తగా దిగిన లాటు చూపించమన్నాడు క్యాంటీన్ ఆయన. షావుకారు ఇనప గొట్టం అందుకున్నాడు. ఒక కొన కత్తిలా చెక్కిన జానెడు గొట్టం అది. బస్తా గోనెలోకి గుచ్చి కొంచెం వంచితే లోపలి బియ్యం దాని వెంట జారి అరచేతిలోకి వస్తుంది. బొటనవేలితో అరచేయంతా పరిచాడు. ఊది తవుడు ఎగరగొట్టాడు. నూకలు పక్కకు నెట్టాడు. రెండు గింజలు ముందు పళ్ళ మధ్య పెట్టి కొరికితే టక్కుమని విరిగాయి. తేమ లేదు. మిగిలిన చిటికెడూ నోట్లో వేసుకుని దవడ కిందికి తోశాడు. పాత బియ్యం నమిలితే పొడిపొడిగా ఉండి తర్వాత తియ్యబడుతుంది, కొత్తదైతే జిగురుగా పళ్ళకు అంటుకుంటుంది. అది తేలేదాకా నమలాలి. తేలాక మింగాలి. ఈ బజారులో బియ్యం ఉమ్మడమంటే సరుకు పనికిరాదని నలుగురిలో చెప్పడం. తన షాపులో తన బియ్యం ఉమ్మే షావుకారు ఉండడు.

"పాతదే" అన్నాడు, మింగి. "నువ్వూ చూడు."

క్యాంటీన్ ఆయన కూడా చిటికెడు వేసుకున్నాడు. ఇద్దరూ కాసేపు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుంటూ నమిలారు.

"నువ్వు కూడా కోయించుకో" అన్నాడు షావుకారు. "సిగ్గుపడకు. నీ ఒళ్ళు చూస్తే నాకే భయంగా ఉంది."

"అమ్మో, అన్నం లేకుండా నేనుండలేను బాబూ."

"ఆ మాటే అసహ్యం. ఉండలేకపోవడమేమిటి? నేను లేనూ? గింజ ముట్టి రెండు నెలలైంది." అంటూ పక్క బస్తాలోకి గొట్టం గుచ్చాడు. "నోరు కట్టుకోలేనివాడు వ్యాపారం ఏం చేస్తాడు?" ఊదాడు, కొరికాడు, మిగిలింది నోట్లో వేసుకున్నాడు. "మా ఇంట్లో ఉంది ఒకావిడ. మా అక్క. నోరు తప్ప ఒంట్లో ఏదీ పనిచేయదు."

బల్ల దగ్గర కూర్చున్న గుమాస్తా ఏదో గొణిగాడు. అతను ఏ మాటైనా గొంతులోనే అనుకుంటాడు. బజారంతా గొణుగుడు అని పిలుస్తుంది.

"ఏమిటోయ్?"

"ఏం లేదండీ. అక్కగారి చేతి కూర బాగుంటుందని."

*

ఆసుపత్రిలో తిండి సంగతి చెప్పే అమ్మాయి అతని అంకె చూసి పెదవి విరిచింది. సన్నటి అమ్మాయి. ఆకలి ఎలా ఉంటుందో పుస్తకంలో చదువుకుని ఉంటుందని అతని అంచనా. అందుకే ఆమె ముందు ఎప్పుడూ కొంచెం వాలి, కాలు మీద కాలు వేసుకుని కూర్చుంటాడు. ఇదివరకు అలా కూర్చోవడం చేతకాలేదు మరి.

"రోజంతా ఏం తింటున్నారో చెప్పండి సార్."

చెప్పాడు. గుడ్డు, పప్పు, మజ్జిగ, సాయంత్రం చేప ముక్క, రాత్రి కూర. ఏది ఎన్ని చెంచాలో కూడా చెప్పాడు. సరుకు లెక్క అప్పజెప్పినట్టు తడబడకుండా చెప్పాడు.

"అన్నం?"

"మా ఇంట్లోనే లేదు."

"పూర్తిగా మానెయ్యమని నేను అనలేదే. ముందు గుడ్డో చేపో పప్పో, తర్వాత కూర, పొట్టలో చోటు మిగిలితే చివర రెండు చెంచాల అన్నం. అంతే కదా చెప్పాను?"

"రెండు చెంచాలు తినడం కంటే మానేయడమే మర్యాద."

అమ్మాయి నవ్వలేదు. "ఈ పొట్ట ఒక్కసారిగా ఎక్కువ వేస్తే ఊరుకోదు సార్. చెమటలు పట్టిస్తుంది, కక్కిస్తుంది. కానీ కొంచెం కొంచెంగా రోజంతా వెళ్తూ ఉంటే దానికి తెలీదు. బిస్కెట్లు, మరమరాలు... అలాంటివి నోట్లో పడుతున్నాయా?"

"నా నోట్లో బయటి తిండి పడదు."

"మరి పిండిపదార్థం ఎక్కడి నుంచో వస్తోంది సార్. అంకె ఊరికే పెరగదు. ఇలాగే పోతే కోసిన పొట్ట మళ్ళీ సాగుతుంది. మళ్ళీ కోయాల్సి వస్తే మొదటిసారంత తేలిక కాదు, చెప్తున్నా."

కాలు మీద కాలు తీసేశాడు. మళ్ళీ ఆ కుర్చీ, ఆ కూర్చుని పోయే నిద్ర, మెట్ల మధ్యలో ఆ దొంగ ఫోను అన్నీ కళ్ళ ముందు వరసగా నిలబడ్డాయి.

"ఇంట్లో వంట ఎవరు చేస్తారు?" అడిగింది అమ్మాయి.

ఆమె మామూలుగానే అడిగింది. అతనికి మాత్రం వెతుకుతున్న తాళంచెవి ఎవరో చేతిలో పెట్టినట్టయింది.

*

ఇంటికి వచ్చి చెప్పులు కూడా విప్పకుండా వంటింట్లోకి వెళ్ళాడు. డబ్బాలు దించాడు. మూతలు తీశాడు. కందిపప్పు డబ్బాలో మోచేతి దాకా చెయ్యి పెట్టి తిప్పాడు. పిండి డబ్బా వాసన చూశాడు. అక్క ఉల్లిపాయలు తరుగుతూ, పక్కకు జరగమన్నప్పుడు జరుగుతూ ఉంది. అన్నిటికన్నా కింది అరలో, కడిగిన గిన్నెల వెనక, మూతపెట్టిన చిన్న గిన్నె దొరికింది. మూత తీస్తే అడుగున గుప్పెడు అన్నం.

భార్య అప్పుడే ఆఫీసు నుంచి వచ్చి గుమ్మంలో నిలబడింది. చేతిలో బ్రెడ్డు పొట్లం.

"చూడు. కళ్ళారా చూడు మీ వదినగారి నిర్వాకం" అన్నాడు గిన్నె ఎత్తి పట్టుకుని. "సిగ్గుందా అక్కా నీకు?"

"ఉంది. అందుకే మూత పెట్టుకుని తిన్నాను."

"ఇందులోదే నూరి నా కూరలో కలుపుతున్నావు."

"నీ కంచంలో మెతుకు కలిపితే నా చెయ్యి పడిపోవాలి." మొదటిసారి ఆమె గొంతు పెరిగింది. "నాకు వండుకున్నాను. మధ్యాహ్నం ఒక్కదాన్నే ఉంటాను. ఆకలేసింది, వండుకున్నాను. నిన్ను కోస్తే నాకెందుకురా కట్టు?"

"ఎందుకంటే నువ్వు ఈ ఇంట్లో ఉన్నావు కనుక!"

"ఏమండీ, ఊరుకోండి" అంది భార్య, బ్రెడ్డు పొట్లం వెనక్కి పెట్టుకుంటూ.

"ఊరుకుంటే మళ్ళీ ఆపరేషన్ బల్ల ఎక్కాల్సింది నేను. నేను! ఆసుపత్రి అమ్మాయి చివర రెండు చెంచాల అన్నం తినమన్నా మానేసినవాణ్ణి!" గిన్నెను గట్టు మీద పెట్టాడు. "ఎల్లుండి పెట్టె సర్దుకో. కొన్నాళ్ళు చిన్నోడి ఇంట్లో ఉండు. అక్కడ వండుకో, నాలుగు పూటలూ వండుకో."

చిన్నోడంటే చివరి తమ్ముడు. రెండు గదుల ఇల్లు. అక్కడ అక్క పడుకోవాలంటే ముందు గదిలో చెప్పుల స్టాండు జరపాలి. మరదలి నోటికి ఇరుగుపొరుగు తలుపులు వేసుకుంటారు. ఇదంతా ఇంట్లో అందరికీ తెలుసు. అతనికి ఎక్కువ తెలుసు.

అక్క ఆ గిన్నె తీసుకుంది. మిగిలిన అన్నం పారబోసి, గిన్నె కడిగి, తుడిచి, అందరికీ కనిపించేలా పై అరలో బోర్లించింది.

"సరే, పోతాను" అంది. "పోయేముందు ఒక్కటి. రేపు నీ తిండి నేనే షాపుకి తెస్తాను. పొద్దున్నించి నీ పక్కనే కూర్చుంటాను. నీ లోపలికి ఏం పోతోందో నా కళ్ళతో చూస్తాను. దొంగతనం అంటగట్టించుకుని పోవడం నా వల్ల కాదు."

"రా. నాకేం భయం?" అన్నాడు అతను. నిజంగానే భయం లేదు.

*

మర్నాడు అక్క క్యారియర్ పట్టుకుని షాపు మెట్లు ఎక్కింది. సగంలో ఆగింది. పైనుంచి చూస్తున్న తమ్ముడు మొహం తిప్పుకున్నాడు. ఆమె ఫోను వచ్చినట్టు నటించలేదు. మెట్టు మీదే కూర్చుని, ఆయాసం తీరాక లేచి వచ్చింది.

శాంపిలు బస్తాలు మూతి విప్పి వరసగా నిలబెట్టిన చోట ఒక స్టూలు ఉంటుంది. దాని మీద కూర్చుంది. స్టూలు మూలిగింది. కూలీలలో ఎవరో కిసుక్కుమన్నారు. క్యారియర్ పై గిన్నె ఖాళీది, అది ఊడదీసి ఒళ్ళో పెట్టుకుంది.

బేరాలు మొదలయ్యాయి. షావుకారు గొట్టం గుచ్చాడు, ఊదాడు, కొరికాడు, నోట్లో వేసుకున్నాడు, మింగాడు, రేటు చెప్పాడు. అక్క చూస్తోందన్న సంగతి కాసేపట్లోనే మర్చిపోయాడు. మర్చిపోయినవాడికి మళ్ళీ గుర్తు చేసింది గిన్నెలో చిన్న చప్పుడు. బియ్యం రాలిన చప్పుడు అతను నిద్రలో కూడా పోల్చుకోగలడు. తిరిగి చూస్తే అక్క చెయ్యి పక్క బస్తాలోంచి వస్తోంది. రెండు వేళ్ళూ బొటనవేలూ కలిపి పట్టిన చిటికెడు. గిన్నెలో పడింది. ఆమె మొహంలో ఏ రంగూ లేదు.

చేతివాటం! తమ్ముడి షాపులో, తమ్ముడి కళ్ళ ముందు, పట్టపగలు చేతివాటం! కానీ వ్యాపారి కదా, నోరు మూసుకున్నాడు. ఇప్పుడు పట్టుకుంటే చిటికెడు దొరుకుతుంది. సాయంత్రం దాకా ఆగితే గిన్నెడు దొరుకుతుంది. కోపాన్ని కూడా గోడౌన్లో వేసి రేటు పెరిగేదాకా ఆపగలిగినవాడే షావుకారు. మనసులో ఒక మూల దాన్ని పేర్చుకుంటూ పోయాడు.

గుమాస్తా దగ్గరికి వెళ్ళి కాగితం చూస్తున్నట్టు వంగాడు. "చూస్తున్నావా, మా అక్క చెయ్యి ఎక్కడాడుతోందో?"

గొణుగుడు తల ఎత్తకుండా, "ఇద్దరి చేతులూ ఆడుతున్నాయండీ" అన్నాడు.

"ఏమిటీ?"

"చూస్తున్నానండీ అంటున్నా."

మధ్యాహ్నం ఆమె గుడ్డు, పప్పు పెట్టింది. అతను చెంచాతో లెక్కగా తిన్నాడు. చేతులు కడుక్కుని వచ్చేసరికి లారీ సరుకు దిగుతోంది. దిగిన ప్రతి లాటు నుంచీ గొట్టం, అరచెయ్యి, నోరు. తెల్లది, ముతకది, నూకలు ఎక్కువున్నది, కొత్త జిగురుది. వెనక స్టూలు దగ్గర గిన్నెలో సన్నటి చప్పుడు, అతని నమలుడుకు నీడలాగా. అతను వింటున్నాడు. వింటూ లోలోపల నవ్వుకుంటున్నాడు. ఎంత అత్యాశ ఈ మనిషికి! ఎంత వేసినా నిండని కడుపు! దేవుడు ఇద్దరికీ ఒకే సరుకు ఇచ్చాడు. ఒకడు దాన్ని కోయించి పారేశాడు, ఒకత్తె ఒళ్ళో గిన్నె పెట్టుకుని ఇంకా నింపుతోంది.

పొద్దు వాలుతుండగా అక్క గిన్నె మీద కొంగు కప్పి లేచింది.

"చూశావుగా?" అన్నాడు. "నా నోట్లో ఏం పడిందో?"

"చూశాను" అంది అక్క. "తొందరగా ఇంటికి రా."

*

ఇంటి మెట్ల దగ్గరే వాసన తగిలింది. ఉడికిన అన్నం వాసన. రెండు నెలల తర్వాత ముక్కులోకి పోయి, నోట్లో నీళ్ళు ఊరించి, అదే క్షణంలో ఒళ్ళు మండించింది. షాపులో పేర్చుకున్న కోపమంతా దించడానికి ఇదే అదను అనుకున్నాడు.

"ఎత్తుకొచ్చిందే కాక వండావు కూడానా!" అరుస్తూ లోపలికి వచ్చాడు. భార్య అప్పటికే బల్ల దగ్గర కూర్చుని ఉంది. "ఏమే, విన్నావా? నా షాపులో, నా ముందు, పొద్దున్నించి సాయంత్రం దాకా చిటికెడు చిటికెడుగా గిన్నె నింపింది. నేను చూడలేదనుకుంది!"

"చూశావా? అయితే మంచిదే" అంది అక్క. "నాకు సాక్షి కావాలనుకున్నాను."

వంటింట్లోంచి పెద్ద గిన్నె తెచ్చింది. బల్ల మీద పెద్ద పళ్ళెం పెట్టి, గిన్నె బోర్లించి, అడుగు తట్టింది. అన్నం కుప్పగా పడింది. అంచులు దాటి బల్ల మీదికి నాలుగు మెతుకులు జారాయి. క్యారియర్ గిన్నెలో సగానికి కాస్త పైన ఉన్న బియ్యం ఉడికితే అంత అయింది. ముగ్గురు కూర్చుని తినొచ్చు.

"ఇది నేను ఎత్తుకొచ్చింది కాదురా" అంది. "నువ్వు నోట్లో వేసుకున్నప్పుడల్లా నేనూ అంతే చిటికెడు గిన్నెలో వేశాను. నీ చెయ్యి లేవకపోతే నా చెయ్యి లేవలేదు. ఒకటీ అరా నాకు తప్పిపోయుంటుంది. ఎక్కువ మాత్రం వెయ్యలేదు."

"ఏమిటీ..."

"ఇది నీ ఇవాళ్టి అన్నం. గుడ్డూ పప్పూ కాక."

అతను నవ్వబోయాడు. "అది తిండేమిటి? అది పని. నమలకపోతే సరుకెలా తెలుస్తుంది?"

"పని తర్వాత అది ఎక్కడికి పోతోంది?"

అతను పళ్ళెం వైపు చూశాడు. చూడకుండా ఉండాల్సింది. అతనికి బియ్యం తెలుసు, అదే అతని గ్రహచారం. ఆ కుప్పలో అన్నం ఒక తీరుగా లేదు. ఒకచోట మెతుకులు పొడవుగా విడివిడిగా ఉన్నాయి. అది పొద్దున మొదటి బేరం, పాత లాటు. పక్కన ముద్దగా అంటుకుపోయినది లారీలో దిగిన కొత్త బియ్యం, జిగురని తనే పేరు పెట్టాడు. అడుగున ఇంకా పలుకుగా ఉన్నవి ముతక రకం. మధ్యమధ్య నలిగినవి క్యాంటీన్‌కు పంపిన నూకలు. ఏ మెతుకు ఏ బస్తాదో, ఏ బేరంలో ఎవరితో మాట్లాడుతూ మింగాడో వరసగా చెప్పగలడు. అతని రోజంతా పళ్ళెంలో ఆవిర్లు కక్కుతోంది. నాలుక తనంతట తానే వెనక పంటి సందులోకి పోయింది. అక్కడ పిండి ఉంది.

ఇన్నేళ్ళలో ఒక్క కాటా కూడా అతన్ని మోసం చెయ్యలేకపోయింది.

నిలబడ్డవాడు కూర్చున్నాడు. భార్య తన బ్రెడ్డు పొట్లాన్ని బల్ల కింది నుంచి తీసి పక్కన పెట్టేసి, ఒక కంచం తెచ్చుకుంది. అక్క అతని ముందు చిన్న పళ్ళెం పెట్టి చేప ముక్క, తర్వాత కూర వడ్డించింది. అతను తలవంచుకుని, చెంచా ఎత్తుతూ దించుతూ తిన్నాడు. అంతా అయ్యాక ఆమె కుప్పలోంచి అన్నం తీసి, కొలిచినట్టుగా, రెండు చెంచాలు వేసింది.

"ఆ అమ్మాయి చెప్పింది ఇదేగా? చివర, రెండు చెంచాలు. నిన్న అరిచిన అరుపుల్లో నువ్వే అన్నావు."

పెద్ద పళ్ళెం తన ముందుకు లాక్కుంది. భార్యకు పెట్టింది. తను కలుపుకుంది. మూత లేకుండా, తొందర లేకుండా, తమ్ముడి కళ్ళలోకి చూస్తూ మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంది. నమిలి మింగాక, "కలగూర గంపలా ఉంది. కొంచెం ఉడికింది, కొంచెం ఉడకలేదు. నీ షాపు సరుకు ఇంతేనా?" అంది.

భార్య నవ్వు ఆపుకోలేక నీళ్ళు తాగింది.

*

తెల్లారేసరికి అక్క పెట్టె గుమ్మం దగ్గర ఉంది.

"ఇప్పుడెవరు పొమ్మన్నారు?" అన్నాడు, పెట్టెకేసి చూస్తూ.

"నువ్వే."

"కోపంలో అన్నాను."

"కోపంలో కాదు. బాగా తూకం వేసుకునే అన్నావు. నీకు నేను తెలీదేమో, నువ్వు నాకు తెలుసు."

"చిన్నోడి ఇంట్లో చోటేదీ? చెప్పుల పక్కన పడుకుంటావా?"

"పడుకుంటా. మరదలి నోరు పెద్దది, కానీ దానికి పనెక్కువ. నా కంచంలోకి తొంగిచూసే తీరిక ఉండదు." పెట్టె ఎత్తుకుంది. అతను అందుకోబోతే ఇవ్వలేదు. "ఒళ్ళు తగ్గింది కదా, బరువులు మోయకు."

అతను షాపుకు వెళ్ళాడు. మెట్లు ఎక్కాడు. పైన నిలబడి ఎవరినీ చూడలేదు. శాంపిలు బస్తాల పక్కన స్టూలు అలాగే ఉంది. క్యారియర్ గిన్నె అతని వెంటే వచ్చింది. ఉదయం వంటింట్లో కడిగి బోర్లించి ఉంటే, ఎందుకో ఆలోచించకుండా సంచిలో వేసుకున్నాడు. దాన్ని స్టూలు మీద పెట్టాడు.

క్యాంటీన్ ఆయన రొప్పుతూ వచ్చాడు. షావుకారు గొట్టం గుచ్చాడు. బియ్యం అరచేతిలోకి జారింది. పరిచాడు, ఊదాడు, రెండు గింజలు కొరికాడు. మిగిలిన చిటికెడు పెదవుల దాకా వెళ్ళింది. అక్కడ ఆగింది. నోరు దానంతటది తెరుచుకుంది కూడా. చెయ్యి కాసేపు అలాగే గాల్లో ఉండి, పక్కకు వచ్చి, దాన్ని గిన్నెలో రాల్చింది.

"అదేంటి షావుకారూ, నమలవా? సరుకు మంచిది కాదా?"

"నువ్వు నమలు. తినేది నీ వాళ్ళేగా."

"నువ్వు చెప్తే కదా నాకు నమ్మకం."

"నమ్మకం ఉంటే కొనుక్కో. లేకపోతే నీకూ పళ్ళున్నాయి."

క్యాంటీన్ ఆయన అయోమయంగా చిటికెడు వేసుకుని నమిలాడు. అతని దవడ ఆడుతుంటే షావుకారు దవడ కూడా ఊరికే, ఖాళీగా, వెంట ఆడింది. మధ్యాహ్నానికి అలా ఎన్నిసార్లు చెయ్యి పైకి లేచి పక్కకు పోయిందో అతనికే అసహ్యం పుట్టింది. ఇంతకాలం ఎదుటివాళ్ళ పొట్టల మీద ఖర్చు చేసిన అసహ్యం అది. ఇప్పుడు తిరిగి వచ్చి, తనకే సరిపోయేంత ఉంది.

భోజనాల వేళకు గిన్నెకు మూత పెట్టి గుమాస్తాను పిలిచాడు.

"ఇది మా అక్కకి ఇచ్చిరా. వండుకోమను."

"అక్కగారు పొద్దున్నే చిన్నయ్యగారి ఇంటికి వెళ్ళిపోయారు కదండీ?"

"నాకు తెలీదా? అక్కడికే తీసుకెళ్ళు."

గుమాస్తా మూత తీసి చూశాడు. అడుగున, రకరకాలుగా, కాసిని బియ్యం. ఈసారి గొణగలేదు, పైకే అన్నాడు.

"ఊరు ఈ చివర నుంచి ఆ చివరకి, ఈ గుప్పెడు గింజల కోసమా అండీ?"

"గుప్పెడేమిటి?" అన్నాడు షావుకారు, గొట్టం చేతిలోకి తీసుకుంటూ. "వండితే తెలుస్తుంది, ఎంతో."